పదకొండూ పదికి రిబ్కా మంచం మీద

మా ఆళ్లగడ్డలో ఎవరికైనా గాలి సోకిందంటే ముందుగా నవ్వేది నేనే. మా అమ్మ ఎవరి దగ్గరో మంత్రింపించి తెచ్చి గుమ్మానికి కట్టిన నిమ్మకాయను తీసుకెళ్లి పప్పులో పిండిన మనిషిని. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. దయ్యాలు ఉన్నాయని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అయినా కొన్నేళ్ల కింద నంద్యాలలో ఒక జనవరి నెలలో జరిగిన సంగతి మాత్రం నా లెక్కకు అందలేదు. జరిగింది జరిగినట్టు, టైములతో సహా రాస్తాను.

ఎమ్మెస్సీ మొదటి ఏడాది ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. రెండో ఏడాది ప్రాజెక్టు పని ఉంటుంది, సాయంత్రం దాకా ల్యాబ్‌లో ఉండాలి. అందుకని నా క్లాస్‌మేట్ రిబ్కా, నేను కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాం. రిబ్కాది అవుకు దగ్గర పల్లె. వాళ్ల నాయన చర్చి బడిలో టీచరు. మనిషి సన్నగా ఉండేది, తక్కువ మాట్లాడేది, లెక్కల్లో మా అందరికంటే ముందుండేది.

మా గది మేడ మీద ఒక్కటే గది. కింద ఇంటి ఓనరు మాబమ్మ, ఆమె కుటుంబం. గదిలో రెండు ఇనుప మంచాలు. కిటికీ పక్కన నాది. లోపలి గోడ వైపు, ఎండ పడని చోట, రిబ్కాది.

మాకు ఆ ఏడాది కంప్యూటర్‌తో ఫిజిక్స్ సమస్యలు సాధించే పేపర్ ఉండేది. చెప్పేది ఓబులేసు సార్. ఆయన మొదటి రోజు బోర్డు మీద ఏమీ రాయకుండా, బల్ల మీద వేడి టీ గ్లాసు పెట్టి పాఠం మొదలుపెట్టారు. వేడి వస్తువు చల్లారుతుంది. చుట్టూ ఉన్న గాలికీ దానికీ తేడా ఎక్కువుంటే తొందరగా చల్లారుతుంది, తేడా తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది. ఈ నిమిషం వేడి ఎంతో తెలిస్తే వచ్చే నిమిషం ఎంతో చెప్పొచ్చు, దాన్నుంచి ఆ తర్వాతి నిమిషం. ఇలా చిన్న చిన్న అడుగులేస్తూ పోవడమే కంప్యూటర్ చేసే పని అన్నారు. మేం ఆ రోజు ఆ టీ చల్లారే లెక్కను పైథాన్‌లో పది లైన్లలో రాశాం. థర్మామీటర్ చూపించిన అంకెలూ, మా ప్రోగ్రాం ఇచ్చిన అంకెలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నా జీవితంలో అంత సంతోషం కలిగిన క్లాసు ఇంకోటి లేదు.

ప్రాజెక్టుకు నేను మా గదినే తీసుకున్నాను. సిమెంటు మిద్దె కింద గది పగలంతా ఎంత వేడెక్కుతుంది, ఎప్పుడు చల్లారుతుంది అన్నది ప్రోగ్రాంతో లెక్కగట్టి, నిజంగా కొలిచిన దానితో పోల్చాలి. కొలవడానికి కాలేజీ ల్యాబ్ నుంచి ఒక చిన్న బోర్డు ఇచ్చారు. దానికి ఒక వైరు, వైరు కొసకు శనగ గింజంత సెన్సార్. నిమిషానికోసారి వేడి ఎంతో చూసి, టైముతో సహా మెమరీ కార్డులో రాసుకుంటుంది. నేను దాన్ని పొద్దున ఆన్ చేసి, తాళం వేసి కాలేజీకి పోయేదాన్ని.

మొదటి వారం సెన్సార్‌ను గోడకు మేకు కొట్టి వేలాడదీశాను. అంకెలు అనుకున్నట్టే వచ్చాయి. పొద్దున ఇరవై మూడు డిగ్రీలు, మధ్యాహ్నానికి ఇరవై ఆరు, ఇరవై ఏడు. రెండో వారం సోమవారం మేకు ఊడిపోయింది. ఎండ తగలని చోటు కావాలి కాబట్టి సెన్సార్‌ను రిబ్కా మంచం మీద, దుప్పటి మడత కింద పెట్టి పోయాను. ఇద్దరం తొమ్మిదిన్నరకు గది దాటాం. తాళం నేనే వేశాను, తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. రెండో తాళంచెవి లేదు.

మంగళవారం సాయంత్రం కార్డు తీసి రెండు రోజుల గ్రాఫ్ గీశాను.

సోమవారం పదకొండూ పది దాకా మామూలే. పదకొండూ పదికి అంకె లేచింది. నాలుగైదు నిమిషాల్లో ముప్పై ఆరు డిగ్రీలకు పోయింది. అక్కడే నిలబడింది. పన్నెండూ ఇరవై ఐదు దాకా గీత గీసినట్టు ముప్పై ఆరే. ఆ తర్వాత దిగడం మొదలైంది, కానీ చాలా నెమ్మదిగా. సాయంత్రం ఐదూ ఏడుకు ముప్పై రెండూ ఎనిమిది. ఐదూ ఎనిమిదికి ఒక్కసారిగా ఇరవై ఆరు.

ఐదూ ఎనిమిదికి మేం తాళం తీశాం. అది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే మెట్లెక్కుతూ బస్సు టైముల గురించి మాట్లాడుకుంటూ ఫోన్ చూశాను.

మంగళవారం గ్రాఫ్ కూడా అదే. పదకొండూ పది, పన్నెండూ ఇరవై ఐదు. తాళం తీసిన నిమిషానికి పడిపోవడం.

సెన్సార్ పాడైంది అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. బుధవారం దాన్ని నా మంచం మీద పెట్టాను. రోజంతా మామూలు అంకెలు. గురువారం ల్యాబ్ నుంచి రెండో బోర్డు, కొత్త సెన్సార్ తెచ్చి రిబ్కా మంచం మీద పెట్టాను. పదకొండూ పదికి లేచింది.

అప్పటికి నాకు భయం లేదు. ఏదో తెలియని కారణం ఉంది, పట్టుకోవాలి అన్న పట్టుదల ఉంది. ఎండ పడుతోందేమో చూశాను, ఆ గోడకు కిటికీయే లేదు. కింద వంటగది పొగగొట్టం పోతోందేమో చూశాను, లేదు. మంచం కోళ్లకు కరెంటు తగులుతోందేమోనని టెస్టర్ పెట్టి చూశాను. పిల్లి దూరే సందు కూడా లేదు. రిబ్కాకు మాత్రం ఏమీ చెప్పలేదు. అది రాత్రి పడుకునేది ఆ మంచం మీదే కదా.

శుక్రవారం గ్రాఫ్ ప్రింటు తీసుకుని ఓబులేసు సార్ దగ్గరికి పోయాను. అది ఏ మంచమో, ఎవరి గదో చెప్పకుండా, దిగే గీత ఒక్కటే చూపించి, ఇది ఏ వస్తువు చల్లారడం అయ్యుంటుంది సార్ అని అడిగాను. ఆయనకు ఇలాంటివంటే ఇష్టం. కూర్చుని నాతోనే ప్రోగ్రాం రాయించారు. మొదటి రోజు టీ గ్లాసుకు రాసిన పది లైన్లే. ఎంత నెమ్మదిగా చల్లారుతోందో చెప్పే అంకె ఒకటి మార్చి మార్చి చూశాం. ఒక అంకె దగ్గర మా ప్రోగ్రాం గీత సెన్సార్ గీత మీద అతికినట్టు పడింది. టీ గ్లాసు కంటే బాగా కుదిరింది.

ఇంత నెమ్మదిగా చల్లారాలంటే వస్తువు పెద్దదై ఉండాలి అన్నారు సార్. ల్యాబ్‌లో బకెట్‌తో వేడినీళ్లు పెట్టి చూశాం, చాలా తొందరగా చల్లారింది. అటెండర్ నీళ్ల డ్రమ్ము తెస్తే దానికి గోనెసంచి చుట్టి నింపి చూశాం. సాయంత్రానికి దాని గీత మా గీతకు దగ్గరగా వచ్చింది. ఎన్ని లీటర్లు పట్టాయని సార్ అడిగితే యాభై దాకా అని చెప్పాడు అటెండర్.

సార్ ప్రింటు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. ముప్పై ఆరు దగ్గర మొదలు, యాభై కేజీల బరువు, మీద దుప్పటి లాంటిది కప్పి ఉంది. ఆయన ఒక్కోటి మెల్లగా పైకే చదివారు.

"ఇది యాడ కొలిచినావమ్మా?"

మా గదిలో అని చెప్పాను. మంచం సంగతి, తాళం సంగతి చెప్పాను.

ఆయన ఆ కాగితాన్ని తిరగేసి బల్ల మీద పెట్టారు. "కంప్యూటరుకు బుద్ధి లేదమ్మా. నువ్వు ఏమిస్తే దాన్నే లెక్కగట్టి ఇస్తాది. ఈ గీత ప్రాజెక్టులో పెట్టాకు. గోడమీద కొలిచిన అంకెలు చాలు." నేను గుమ్మం దాకా వచ్చాక మళ్లీ పిలిచి, ఆ ఫైలు తనకు పంపొద్దని కూడా చెప్పారు.

అప్పుడు భయం మొదలైంది. మామూలుగా లెక్క తెలియకపోతే భయం వేస్తుంది. నాకు లెక్క కుదిరినందుకు భయం వేసింది.

ఆ శనివారం పొద్దున్నే ఇద్దరం ఊళ్లకు బయల్దేరాం. మొదటి బోర్డును రిబ్కా మంచం మీద ఆన్ చేసి ఉంచాను. ఎందుకు ఉంచానంటే, శనీ ఆదీ రెండు రోజులూ గది ఖాళీ, సోమవారం దాకా ఎవరూ తాళం తియ్యరు. గీత ఎక్కడి దాకా పోతుందో చూడాలనిపించింది. రెండో బోర్డు నాతో ఆళ్లగడ్డకు తెచ్చుకున్నాను.

మా నాయన రాతి పని చేస్తాడు. రోడ్డు పక్కన షెడ్డులో విగ్రహాలు చెక్కుతాడు. ఆయన చదివింది ఐదో తరగతి. ఆదివారం భోజనం చేసి మంచం మీద నడుం వాల్చితే, నడుము కింద సెన్సార్ పెట్టాను. ఏమిటిదని అడిగితే కాలేజీ పని అన్నాను. గంటసేపు పడుకుని లేచి పోయాడు. గ్రాఫ్ గీశాను. ఆయన పడుకున్నప్పుడు ముప్పై ఆరుకు దగ్గరగా, గీసినట్టు నిలబడింది. లేచిన నిమిషం నుంచి పడిపోయింది. పావుగంటలో మంచం గది వేడిలో కలిసిపోయింది.

నాయన షెడ్డు నుంచి వచ్చి నా వెనక నిలబడింది నేను చూడలేదు. ల్యాప్‌టాప్‌లో రెండు గీతలూ పక్కపక్కన ఉన్నాయి. ఏందవి అని అడిగాడు. దాచలేక చెప్పేశాను. ఇది నువ్వు పడుకుని లేచింది, అది నంద్యాలలో మా గదిలోది అని.

ఆయన చాలాసేపు చూశాడు. ఎండకు కాగిన రాళ్లు ఏది ఎంతసేపటికి చల్లారుతుందో చెయ్యి పెట్టి చెప్పగల మనిషి.

"లేచి పోయినోళ్ల మంచం తొందరగా చల్లారతాది పాపా. ఇది లేచి పోయినోళ్లది కాదు. ఆణ్నే ఉండి చల్లారినారు."

ఆ మధ్యాహ్నం బయట ఎండ బాగానే ఉంది. పక్క షెడ్డులో ఉలి చప్పుడు వినిపిస్తోంది. నేను ల్యాప్‌టాప్ మూసేశాను. రేపు పోతానే ఆ గది ఖాళీ చెయ్యమన్నాడు నాయన.

సోమవారం నేనే ముందు గదికి చేరాను. తలుపు తియ్యడానికి చాలాసేపు పట్టింది. కార్డు తీసి గది బయట మెట్ల మీద కూర్చుని చూశాను. శనివారం పదకొండూ పదికి లేచింది. పన్నెండూ ఇరవై ఐదుకు దిగడం మొదలైంది. ఈసారి తలుపు తీసినవాళ్లు లేరు కాబట్టి గీత ఎక్కడా తెగలేదు. రాత్రంతా దిగుతూనే ఉంది. ఆదివారం రాత్రికి గది వేడితో సమానమైంది. ఆ తర్వాత గది వేడి పెరిగితే పెరిగింది, తగ్గితే తగ్గింది.

కింద మాబమ్మను అడిగాను. ఈ ఇంట్లో ఎవరైనా పోయారా అని. ఆమె కోప్పడింది. ఇల్లు కట్టి మూడేళ్లే అయింది, మేడగదిలో మీరే మొదట దిగినవాళ్లు అని చెప్పింది. అంతకుముందు అక్కడ ఏముండేదంటే శనగచేను అంది. ఆమె భర్తా, ఇద్దరు పక్కిళ్లవాళ్లూ కూడా అదే చెప్పారు.

రిబ్కాతో గది మారదాం అన్నాను. నల్లులున్నాయని, నీళ్లు సరిగా రావని ఏవో సాకులు చెప్పాను. ఎప్పుడూ నా మాటకు సరే అనే పిల్ల, ఆ రోజు కుదరదంది.

"ఈ ఇల్లు ఇడిసి నేను యాడికీ రాను. నువ్వు కావాలంటే పో."

ఎందుకని అడిగితే చెప్పలేదు. పోనీ మంచాలు మార్చుకుందామంటే, నీకు కిటికీ లేకపోతే నిద్ర పట్టదు కదా అని కొట్టిపారేసింది. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఏమని చెప్పాలి? నువ్వు పడుకునే చోట పగటిపూట ఇంకెవరో ఉంటున్నారని చెప్పాలా? అప్పటికి నాకు తోచింది అంతే. బోర్డులు రెండూ ల్యాబ్‌లో అప్పజెప్పేశాను. కొలవకపోతే ఉండదులే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వారమంతా రాత్రి లైటు వేసుకునే పడుకున్నాను.

తర్వాతి శనివారం.

పొద్దున రిబ్కాకు ఒంట్లో బాగాలేదు. తిన్న ఇడ్లీ వాంతి చేసుకుంది. నేను ఆగిపోతానంటే వద్దంది. కాసేపు ఆగి మధ్యాహ్నం అవుకు బస్సుకు పోతానంది. వాంతి తగ్గినట్టే కనిపించింది. నేను పదింపావు బస్సెక్కాను.

బస్సులో కూర్చుని శనగచేలు చూస్తున్నాను. ఆ వారంలో మొదటిసారి మనసు తేలిగ్గా ఉంది. శిరివెళ్ల దగ్గర పడుతుండగా పక్క సీటులో పెద్దామె టైమెంతయిందని అడిగింది. ఫోన్ చూసి, పదకొండు కావస్తోందని చెప్పాను.

ఆ మాట చెప్పాక ఫోన్ మళ్లీ చూశాను. శనివారం. పదకొండు కావస్తోంది. మాబమ్మ వాళ్లు ముందురోజే పెళ్లికని నందికొట్కూరు పోయారు. ఇంట్లో ఎవరూ లేరు. నేను సోమవారం దాకా రాను. మేడ మీద రిబ్కా ఒక్కతే ఉంది. కాసేపు పడుకుంటుంది. ఆ మంచం మీదే పడుకుంటుంది. దాని బరువు యాభై కేజీలు, మహా అయితే ఒకటి అటూ ఇటూ.

అంతదాకా ఆ గీత ఎప్పుడో పోయినవాళ్లదని అనుకున్నాను. ఇంకా జరగనిది అయ్యుండొచ్చని నాకు తట్టనే లేదు.

ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"ఏందీ."

గొంతు తాగినవాళ్ల గొంతులా ముద్దగా ఉంది. యాడున్నావ్, మంచం మీదనా అని అడిగాను.

"కింద. గోడకానుకోని కూచున్నా. చెమటలు పోస్తాండాయి. నిద్దరొస్తాంది మే."

"పడుకోవద్దు రిబ్కా. నా మాట విను. తలుపు తీసుకోని బయటికి రా, మెట్ల మీద కూచో. నేను వస్తాండా."

కాసేపు ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత చాలా మామూలుగా అడిగింది.

"ఎవురు నువ్వు?"

ఫోన్ కింద పడిన చప్పుడైంది.

శిరివెళ్లలో దిగిపోయాను. దిగేటప్పుడు కూడా, జ్వరం మాటలకు ఇంత హడావుడి చేస్తున్నానేమో, అందరూ నవ్వుతారేమో అని ఒక క్షణం ఫుట్‌బోర్డు మీద ఆగాను. ఒక ఆటో అతన్ని బతిమాలి నంద్యాలకు తిప్పించాను. మా క్లాసువాళ్లంతా ఊళ్లకు పోయారు. ఓబులేసు సార్ కర్నూలులో ఉన్నారు. 108కు చెయ్యాలని ఆ రోజు నా బుర్రకు తట్టలేదు. రిబ్కాకే మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చున్నాను. ఫోన్ తెర మీద పదకొండూ తొమ్మిది పదకొండూ పది కావడం ఆటోలో కూర్చుని చూశాను. రిబ్కా ఒక్కసారి కూడా ఫోన్ ఎత్తలేదు.

ఇంటికి చేరేసరికి పదకొండూ యాభై. తలుపు లోపల గడియ వేసి ఉంది. వీధి మొదట్లో వెల్డింగ్ షాపు బాషా అన్న ఇనుప కడ్డీతో వచ్చి గడియ ఊడగొట్టాడు.

రిబ్కా మంచం మీద వెల్లకిలా పడి ఉంది. దుప్పటి కప్పుకుని ఉంది. నోటినిండా వాంతి, ముక్కులోంచి గురక లాంటి చప్పుడు. ముఖం చెమటతో తడిసిపోయింది. బాషా అన్న దాన్ని పక్కకు తిప్పి నోట్లోది వేలితో తీసేశాడు. ఇద్దరం ఎత్తుకుని మెట్లు దించి అదే ఆటోలో ఆస్పత్రికి చేర్చాం.

డాక్టరమ్మ వేలికి సూది పొడిచి చూసి, ఈ అమ్మాయికి షుగర్ ఉందా, ఇన్సులిన్ తీసుకుంటోందా అని అడిగింది. లేదన్నాను. ఆమె నా మాట పట్టించుకోకుండా చేతికి గ్లూకోజ్ ఎక్కించింది.

నేను మంచం పక్కన నిలబడి ఎదురుగా గోడ గడియారం చూశాను. పన్నెండూ ఇరవై అయింది. నాకు తప్ప ఆ గదిలో ఎవరికీ ఆ అంకె అర్థం తెలియదు. పన్నెండూ ఇరవై మూడు. నేను రిబ్కా కాలు పట్టుకున్నాను. వేడిగానే ఉంది. పన్నెండూ ఇరవై ఐదు. ముల్లు దాటింది. ఇరవై ఆరు, ఇరవై ఏడు. రిబ్కా కళ్లు తెరిచి, నా బస్సు పోయిందా అని అడిగింది.

ఇంకో అరగంట అలా వెల్లకిలా ఉండి ఉంటే ఊపిరి ఆడేది కాదని డాక్టరమ్మ చెప్పింది.

రిబ్కాకు పన్నెండో ఏట నుంచీ షుగర్ ఉందట. డిగ్రీలో ఉండగా ఒకసారి హాస్టల్లో స్పృహ తప్పితే, మాకు బాధ్యత లేదని ఇంటికి పంపించారట. చదువు ఆగిపోతుందేమోనని అప్పటినుంచీ ఎవరికీ చెప్పలేదు. మందు మాబమ్మ ఫ్రిజ్‌లో పెట్టేది, కళ్లలో వేసుకునే చుక్కలని చెప్పి. ఆ ఇల్లు వదలననడం అందుకే. ఆ పొద్దున సూది వేసుకుంది, తిన్నది వాంతి అయిపోయి షుగర్ మరీ పడిపోయింది. దాని ఫోన్ చూస్తే, పదకొండూ తొమ్మిదికి వాళ్లమ్మకు చేసిన కాల్ ఉంది. అటువైపు ఎత్తేలోపే కట్ అయింది. ఆ తర్వాతే మంచం ఎక్కి ఉంటుంది.

పదిహేను రోజుల తర్వాత ల్యాబ్‌లో బోర్డు మళ్లీ అడిగి తెచ్చి, అదే మంచం మీద, అదే దుప్పటి కింద నాలుగు రోజులు పెట్టాను. పదకొండూ పదికి ఏమీ జరగలేదు. పొద్దున ఇరవై నాలుగు, మధ్యాహ్నం ఇరవై ఎనిమిది. ఖాళీ గది ఎలా ఉండాలో అలాగే ఉంది.

ఓబులేసు సార్‌కు అంతా చెప్పాను. ఆయన అంతా విని, సెన్సార్‌లో తప్పు, వైరులో తప్పు, ప్రోగ్రాంలో తప్పు అని ఒక్కోటి అడిగారు. ఒక్కోటీ ఎలా చూశానో చెప్పాను. చివరికి, బాగా కొలిచినావమ్మా అన్నారు. అంతకుమించి ఆయన నాతో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

రిబ్కాకు చెప్పింది పరీక్షలయ్యాక. వాళ్ల ఊరికి పోయినప్పుడు, అవుకు రిజర్వాయర్ కట్ట మీద కూర్చుని ఉన్నాం. మొదటినుంచీ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నీళ్లకేసి చూస్తూ ఒక్క సంగతే అడిగింది.

"ఆ శనివారం ఫైల్లో, సోమవారం దాకా ఎవురూ రాలేదా?"

"రాలేదు."

కాసేపు గడ్డి పోచలు తెంపుతూ కూర్చుంది.

"ఆ ముక్క మాత్రం మా నాయనకు చెప్పాకు."

చెప్పలేదు. ఆయన చదువుతాడేమోనని ఇందులో పేర్లు కూడా మార్చాను. రిబ్కా ఇప్పుడు బాగుంది, పిల్లలకు లెక్కలు చెబుతోంది.

నేను ప్రతి ఏడూ వేడి, చల్లదనం పాఠం చెబుతాను. వస్తువు ఉంటేనే వేడి ఉంటుంది, వేడి ఉంటేనే సెన్సార్ చూపిస్తుంది అని పిల్లలకు చెబుతాను. అయినా తాళం వేసిన గదిలో, రిబ్కా నా పక్కనే క్లాసులో కూర్చుని నోట్సు రాసుకుంటున్న టైములో, ఆ మంచం మీద యాభై కేజీల మనిషి పడుకుని చల్లారడం నేను కొలిచాను. ఎలా కొలవగలిగానో నాకు ఈ రోజుకీ తెలియదు.